పసుపు తాడు కట్టించిన ఆ అబ్బాయికి

మూడు రోజులుగా కంటి మీద కునుకు లేదు. రాతలో తప్పులుంటే సర్దుకోండి. ఇప్పుడు రాయకపోతే ఇక రాయలేనని ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. అమ్మ పక్క మంచం మీద నిద్రపోతోంది.

మంగళవారం పొద్దున అమ్మకి ఫిట్స్ వచ్చాయి. సత్తెనపల్లి నుంచి గుంటూరు కొత్తపేటకి తీసుకొచ్చాం. అన్నయ్య, వదిన, మా ఆయన అందరూ పరుగెత్తుకొచ్చారు, డబ్బు సర్దారు. వాళ్లకి థాంక్స్ చెబితే నన్ను కొడతారు. మామూలు ఎంఆర్ఐలో మెదడులో ఒక మచ్చ కనిపించింది. అదేంటో తేలాలంటే కాంట్రాస్ట్, అంటే స్కాన్‌లో మచ్చ స్పష్టంగా కనపడేలా నరంలోకి ఎక్కించే మందు, ఇచ్చి మళ్లీ తీయాలన్నారు. మాకు దొరికిన టైము రాత్రి 11:30.

స్కానింగ్ గది బయట ఒంటి మీద ఉన్నవన్నీ తీసేయమన్నారు. మొదటిసారి ఎమర్జెన్సీలో తెలివి లేనప్పుడు ఎవరు తీశారో, ఎవరు మళ్లీ వేశారో అమ్మకి తెలియదు. ఈసారి తెలివిలో ఉంది. గాజులు వచ్చాయి. మెట్టెలు సబ్బు రాస్తే వచ్చాయి. పుస్తెల తాడు దగ్గరకొచ్చేసరికి రెండు చేతులతో మెడ పట్టేసుకుంది. "మీ నాన్న ఎదురుగా కూర్చుని ఉండగా మెడ బోసిగా పెట్టుకుని ఆ గుహలోకి పోనా?" అంది. వెనకాల ఇంకో ముగ్గురు పేషెంట్లున్నారు. నేను కసిరాను. అవును, ఆ స్థితిలో ఉన్న మనిషిని కసిరాను.

అప్పుడు లోపల్నుంచి టెక్నీషియన్ వచ్చాడు. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. ఏమీ మాట్లాడకుండా సొరుగు లాగి పాత సిరంజిల డబ్బా ఒకటి తీశాడు. అందులో పసుపు పూసిన దారం ఉండ, పది పన్నెండు పసుపు కొమ్ములు. ఒక కొమ్ముకి దారం చుట్టి నాన్న చేతిలో పెట్టి, "పెదనాన్నా, ముందు మీరిది కట్టండి. తర్వాత అది తీద్దాం" అన్నాడు.

నాన్నకి 72. చేతులు వణుకుతాయి. రెండు ముళ్లు పడ్డాయి, మూడోది పడదే. ఆ అబ్బాయి దారం కొసలు జారకుండా పట్టుకుని నిలబడ్డాడు గానీ ముడి మాత్రం తను వేయలేదు. నాన్న వేసేదాకా ఆగాడు. అమ్మ తల వంచుకుని కూర్చుంది, కొత్త పెళ్లికూతురిలా. నేను గోడవైపు తిరిగి ఏడ్చాను.

ఆ తర్వాత, బయట షాపులో మేం కొనుక్కొచ్చిన కాంట్రాస్ట్ మందు సీసా చూసి అమ్మ ఫైలు అడిగాడు. పదిహేనేళ్ల షుగర్. కిడ్నీలు సరిగా పనిచేయకపోతే రక్తంలో పెరిగే క్రియాటినిన్ 2.1. వయసు 66. కిడ్నీలు వడగట్టే లెక్క 25 దగ్గర తేలింది, 30 కంటే తక్కువైతే జాగ్రత్తపడాలట. ఆ కాగితం రెండు రోజులుగా ఫైల్లోనే ఉంది. చీటీ రాసినవాళ్లు చూడలేదు, డబ్బు కట్టించుకున్నవాళ్లు చూడలేదు.

"ఇందులో ఉండేది గాడోలినియం అక్కా, లోహం. విడిగా ఉంటే విషం. అందుకే ఇంకో పదార్థంతో కట్టేసి ఇస్తారు. మీరు తెచ్చింది గాడోడయమైడ్, దీని కట్టు వదులు. కిడ్నీలు బాగుంటే మూత్రంలో త్వరగా పోతుంది. పెద్దమ్మకి అలా పోదు, ఒంట్లో ఎక్కువసేపు ఉండిపోతుంది" అన్నాడు. తనే తేల్చేయలేదు. ఆ అర్ధరాత్రి రేడియాలజిస్టుకి ఫోన్ చేశాడు, ఆయన కిడ్నీ డాక్టరుతో మాట్లాడారు. కట్టు గట్టిగా ఉండే గాడోటెరేట్ ఇవ్వొచ్చని చెప్పారు. అమ్మ బరువు 58 కిలోలు, కిలోకి 0.2 మిల్లీలీటర్ల లెక్కన పన్నెండుకి కాస్త తక్కువ. ఎంత ఎక్కిస్తున్నాడో సిరంజి లైటు కింద పెట్టి నాకు చూపించాడు.

తర్వాత వరండాలో కూర్చుని ఫోన్లో చదివాను. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లలో చర్మం చెక్కలా బిగిసి కీళ్లు వంగని జబ్బొకటి 1997లో మొదటిసారి కనిపించిందట. దానికీ గాడోలినియానికీ లంకె 2006 దాకా ఎవరికీ తట్టలేదట. నా చేతులు చల్లబడ్డాయి.

స్కాన్‌లో మచ్చ చుట్టూ తెల్లటి రింగు వచ్చింది. బాగున్న మెదడులోకి ఈ మందు పోదు, లోపల రక్తనాళాల గోడ దెబ్బతిన్న చోటే ఊరి మెరుస్తుందట. ఇన్ఫెక్షన్ గడ్డే అయ్యుంటుందని మందులు మొదలుపెట్టారు.

ఒక్క మాట అనకుండా ఉండలేను. స్కానింగ్‌కి ఒప్పుకుంటున్నామనే నాలుగు పేజీల అంగీకార పత్రం, అంతా ఇంగ్లీషు. నాన్న తెలుగు తప్ప చదవలేరు. "ఇక్కడ, ఇక్కడ" అని వేలు పెట్టి చూపించి సంతకాలు చేయించుకున్నారు. అందులో కిడ్నీ జబ్బు ఉందా అన్న ప్రశ్న కూడా ఉంది. లేదు అని ముందే టిక్ కొట్టేసి ఉంది! ఎవరు కొట్టారో ఇప్పటికీ ఎవరూ చెప్పరు. మొదటి సీసా సీలు కూడా తీయలేదు, అయినా షాపువాళ్లు వెనక్కి తీసుకోలేదు. ఆ డబ్బు పోతే పోనీ.

ఆ అబ్బాయి పేరు రాయొద్దన్నాడు. దారం ఉండ ఎందుకు పెట్టుకున్నావని అడిగితే "చాలామంది అమ్మలు ఏడుస్తారక్కా" అన్నాడు, అంతే. తమ్ముడూ, నీకు దణ్ణం.

అయ్యో, మర్చిపోయాను. మూడో ప్రయత్నంలో నరం దొరకబుచ్చుకున్న నర్సమ్మకి థాంక్స్. నాన్నకి తన కుర్చీ ఇచ్చి తను మెట్ల మీద కూర్చున్న వాచ్‌మన్ గారికి కూడా. ఇంటి దగ్గర గేదె పాలు తీస్తున్న ఎదురింటి పిన్నికి. ఇంకా ఆ రాత్రి రెండోసారి మందు కోసం నన్ను తిప్పిన ఆటో బాబాయ్, చిల్లర లేక 60 రూపాయలు బాకీ పడ్డాను, మీరు ఏ స్టాండులో ఉంటారో ఎవరైనా చెబితే బాగుండు.

అమ్మ లేచింది. పుస్తెలు నా హ్యాండ్‌బ్యాగులోనే ఉన్నాయి. ఇవ్వబోతే శుక్రవారం దాకా ఉంచమంటోంది.