జప్తు చేసిన భూములు ఇంకెన్నాళ్లు బీడు పెడతారు?

సంపాదకులకు నమస్కారం.

డిపాజిట్ల కంపెనీ బోర్డు తిప్పేయగానే మొదట వినపడే మాట, 'ఆస్తులు జప్తు చేశారు కదా, మీ డబ్బులు ఎక్కడికీ పోవు' అని. మా కావలి వైపు ఆ మాట పట్టుకుని ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్న ఇళ్లు చాలా ఉన్నాయి. జప్తు జరుగుతూనే ఉంది. డబ్బే రావడం లేదు.

డిపాజిట్లు కట్టించుకుని తిరిగి ఇవ్వని అగ్రిగోల్డ్ కంపెనీ సంగతే చూడండి. 32 లక్షల ఖాతాలు, దాదాపు 6,380 కోట్ల రూపాయలు. 2019లో 10 వేల లోపు, 2021 ఆగస్టులో 20 వేల లోపు కట్టినవారికి రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చింది. ఆదుకోవడం మంచిదే. కానీ అది ఖజానా సొమ్ము, అంటే మనందరి పన్నులు. కంపెనీ ఆస్తులు మాత్రం చాలావరకు అలాగే ఉన్నాయి. ముందు రాష్ట్ర పోలీసుల దర్యాప్తు విభాగం సీఐడీ, తర్వాత 2020 డిసెంబరులో కేంద్ర దర్యాప్తు సంస్థ ఈడీ జప్తు చేశాయి. ఈడీ పట్టుకున్న వాటిలో 3,339 కోట్ల ఆస్తులు బాధితుల కోసం మళ్లీ సీఐడీ చేతికి రావడానికి 2025 అయింది. అమ్మకం, పంపకం ఆ తర్వాతి మాట.

చిన్న కంపెనీల బాధితుల గోడు ఎవరికీ పట్టదు. మా ఊరి పక్కన అలాంటి ఒక కంపెనీ వేసిన లేఅవుట్ ఉంది. జప్తు బోర్డు మీద అక్షరాలు వెలిసిపోయాయి, హద్దురాళ్లు కనపడకుండా చిల్లచెట్లు కమ్మేశాయి, ఒక మూల ఎవరో గ్రావెల్ తవ్వుకుపోయారు. దాంట్లో డబ్బు కట్టినవాళ్లు చేపలమ్మే ఆడవాళ్లు, టిఫిన్ బండ్లవాళ్లు. రసీదులు ప్లాస్టిక్ కవర్లో చుట్టి బియ్యం డబ్బాలో దాచుకున్నారు. వాటి మీద అంకెలు చెరిగిపోతున్నాయి. కట్టించుకున్న ఏజెంట్లూ మా వీధుల్లోవాళ్లే. చుట్టాలకు ముఖం చూపించలేక ఊరు విడిచినవాళ్లున్నారు. వాళ్లందరినీ దొంగలనడం న్యాయం కాదు.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. డిపాజిటర్ల రక్షణకు మన రాష్ట్రం 1999లోనే చట్టం చేసింది. అనుమతి లేని డిపాజిట్లను నిషేధిస్తూ కేంద్రం 2019లో తెచ్చిన చట్టం, పన్ను బకాయిల కంటే కూడా ముందు డిపాజిటర్లకే చెల్లించాలంటోంది. జప్తు, అమ్మకం విషయం 180 రోజుల్లో తేల్చడానికి కోర్టు ప్రయత్నించాలనీ అంటోంది. మరి కోర్టు ముందు పెట్టాల్సిన వాల్యుయేషన్లు, సర్వే రిపోర్టులు ఆఫీసుల్లో ఎందుకు ఆగిపోతున్నాయి? కేసు తేలేలోపు భూమి ఆక్రమణల పాలైతే వేలానికి ఎవరొస్తారు?

నెల్లూరు, ప్రకాశం జిల్లాల కలెక్టర్లకు నా మనవి. ఏ మండలంలో, ఏ సర్వే నంబరులో ఎంత భూమి జప్తులో ఉందో, కేసు ఏ కోర్టులో ఉందో ప్రతి సచివాలయంలో అతికించండి. తహసీల్దారు ఏడాదికొకసారైనా వెళ్లి హద్దులు చూసి రావాలి. డిపాజిటర్ చనిపోయిన చోట వారసుల పేర్లు ఇప్పుడే నమోదు చేసుకోవాలి. బాండు మీద ఇంటిపేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉందని ముసలివాళ్లను తిప్పకుండా ఆ తేడాలు మండలంలోనే సరిచేయాలి. వీటికి కొత్త జీవోలు అక్కర్లేదు. సోమవారం అర్జీలు తీసుకునేటప్పుడు కలెక్టరేట్‌లో దీనికంటూ ఒక కౌంటర్ పెడితే పని మొదలవుతుంది.

ఒక పాఠకురాలు,
కావలి, నెల్లూరు జిల్లా