ప్రకృతి సేద్యం పట్టిక ఊళ్లోనే రాయాలి

సంపాదకులు గారికి,

జాతీయ ప్రకృతి వ్యవసాయ మిషన్‌కు కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరులో ఆమోదం తెలిపింది. ప్రకృతి సేద్యానికి కావలసిన ద్రావణాల వంటివి తయారుచేసి రైతులకు అందించే జీవ ఉత్పాదకాల కేంద్రాలు దేశమంతటా 10,000 పెట్టాలన్నది అందులో ఒక లక్ష్యం. మన రాష్ట్రంలో ప్రభుత్వ సంస్థ అయిన రైతు సాధికార సంస్థ ద్వారా ఈ పని 2016 నుంచే సాగుతోంది. చాలా సంతోషం. అయితే పద్మనాభం, ఆనందపురం, భీమిలి మండలాల్లో ఎకరం రెండెకరాలు చేసుకునేవాళ్ల తరఫున ఒక మాట చెప్పాలి. ద్రావణం కలపడం ఎవరైనా నేర్పగలరు. ఏ మడికి ఎప్పుడు ఏది పనికొస్తుందో ఆ మడిలో దిగే మనిషికే తెలుసు. ఏ పని ఎప్పుడు చేయాలో జిల్లా అంతటికీ ఒకే పట్టిక ఇస్తే ఆ తెలివికి చోటుండదు.

నేలలో సూక్ష్మజీవుల్ని పెంచడానికి పోసే జీవామృతమే చూడండి. 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల నాటు ఆవు పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల చొప్పున బెల్లం, శనగపిండి, రసాయనాలు పడని గట్టు మీద నుంచి గుప్పెడు మట్టి. నీడలో పెట్టి, గోనె కప్పి, పూటకోసారి కలియబెడితే 48 గంటల్లో తయారవుతుంది. పుల్లటి వాసన రావాలి, కుళ్లు వాసన వస్తే మించిపోయినట్టే. వారం లోపు వాడేయాలి. కేంద్రాల్లో క్యాన్లకు నింపి నెలల తరబడి నిల్వ పెడితే రైతు కొనేది రంగు నీళ్లే. మన ఎర్ర ఇసుక నేలల్లో పదును, అంటే తగిన తడి, లేనప్పుడు, ఎండలో పోసినా దండగే.

వరి తర్వాత పశువుల మేతకు, నేల బలానికి వేసే పిల్లిపెసర సంగతి ఇంకా సున్నితం. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు ఎకరాకు 10, 12 కిలోలు చల్లాలని కాగితంలో ఉంటుంది. రైతు తేదీ చూడడు, మడిలో అడుగు వేసి చూస్తాడు. కాలి ముద్ర పడాలి, ఆ ముద్రలోకి నీరు ఊరకూడదు. నీరు ఊరితే గింజ కుళ్లుతుంది. ముద్రే పడకపోతే మొలక వేరు నేలలోకి దిగదు, మిగిలిన గింజను చీమలు మోసుకుపోతాయి. అందుకే ఒకే రైతు మెరక మడిలో ముందు, పల్లపు మడిలో ఆఖరున చల్లుతాడు. కోసిన పనలు రెండు మూడు రోజుల్లో గట్టు మీదకు చేర్చకపోతే కింది మొలకలు పాలిపోయి చస్తాయి. కోత యంత్రం తెచ్చుకునేవాళ్లకు ఈ పద్ధతి కుదరదు. యంత్రం దిగాలంటే మడి ముందే ఆరాలి, పైగా చక్రాల కింద మొలకలు నలుగుతాయి. వాళ్లు కోత అయ్యాక, పదును మిగిలి ఉంటే, గొర్రుతో విత్తుకోవాలి. ఇవన్నీ శిక్షణలో చెప్పాల్సిన మాటలు.

విత్తనం దాచడంలో ఆడవాళ్లదే పెద్ద చెయ్యి. మినుములు, పెసలు పంటి కింద పటుక్కుమనే దాకా ఎండబెడతారు. వేడి చల్లారాకే వావిలాకు, బూడిద కలిపి కుండకెత్తుతారు. వేడి మీద ఎత్తితే లోపల చెమర్చి బూజు పడుతుంది. వరి విత్తనానికి ఉప్పునీటి పరీక్ష ఉంది. కోడిగుడ్డు తేలి రూపాయి బిళ్లంత పైకి కనబడే దాకా ఉప్పు కరిగించి, అందులో గింజలు పోసి, తేలిన తాలు తీసేయాలి. మునిగిన గింజల్ని మంచినీళ్లతో రెండుసార్లు కడగాలి, లేదంటే మొలక దెబ్బతింటుంది.

పాతదంతా మంచిదని అనడం లేదు. హైబ్రిడ్ వంగ, టమాటా కాయల నుంచి గింజ తీసి దాచే అలవాటు కొందరికుంది, మరుసటి పంట తలో రకంగా వస్తుంది. అలాంటిది మానమని శాస్త్రవేత్తలు గట్టిగా చెప్పాలి. అటు పురుగుల్ని ఏరే పిట్టల కోసం పొలంలో పంగల కర్రలు పాతమని చెప్పేవాళ్లు, వరి పాలు పోసుకునే వేళకి వాటిని పీకేయాలని రైతు దగ్గర నేర్చుకోవాలి. లేకపోతే అవే పిట్టలు కంకుల మీద పడతాయి.

కాబట్టి వ్యవసాయ శాఖకు విన్నపం. ఏటా వేసవి ముదరక ముందే ప్రతి ఊళ్లో ఒక పూట కూర్చోండి. మడుల వారీగా మెరక, పల్లం, నీటి వసతి, విత్తే అదును రాసుకోండి. విత్తనం దాచే ఆడవాళ్లను పిలవకుండా ఆ జాబితా ముగించవద్దు. వరికి ముందు నేల బలానికి పెంచే పైరుగా తొలకరికి ముందు చల్లే నవధాన్యాల (రకరకాల గింజల మిశ్రమం) విత్తనం ఆ జాబితా ప్రకారం, వీలైనంత వరకు ఊరి రైతుల దగ్గరే, సరైన ధరకు కొనండి. అది రోహిణి కార్తె మొదలయ్యేలోపు, అంటే మే 25 నాటికి, చేతికందాలి. జూన్ ఆఖరుకు ఇస్తే వరి దమ్ముకు ముందు ఆ పైరు ఎదగడానికి నెల రోజులు కూడా మిగలవు.

– ఒక పాఠకుడు, పద్మనాభం మండలం, విశాఖపట్నం జిల్లా