రాగి చెంబు అటకెక్కిన సంగతి

చి. అమ్మాయికి నాన్న ఆశీస్సులు.

ఒంట్లో రాగి పేరుకునే నీ విల్సన్ జబ్బుకు భోజనానికి గంట ముందు మాత్ర వేసుకోవడం హాస్టల్లో కుదరడం లేదనీ, ఒంట్లో బాగానే ఉంది గనుక ఒక పూట మానేస్తున్నాననీ మొన్న ఫోనులో తేలిగ్గా అనేశావు. ఆ రాత్రి నాకు కన్ను మూతపడలేదు.

నీకు 11వ ఏట పచ్చకామెర్లు వస్తే పసరు పోయించాం, తగ్గింది, మరిచిపోయాం. రెండేళ్ల తరువాత నీ గుండ్రని అక్షరాలు చీమలంత చిన్నవై, గీత దిగి పక్కకు జారిపోసాగాయి. బడిలో శ్రద్ధ లేదన్నారు. నేనూ నమ్మి నిన్ను తిట్టాను. ఆ నోటుపుస్తకం ఇప్పటికీ నా బీరువాలోనే ఉంది. సాంబారు గరిటె నీ చేతిలో వణికినప్పుడు గాని మాకు భయం పట్టలేదు. చివరికి కంటి డాక్టరుగారు దీపపు యంత్రం ముందు నిన్ను కూర్చోబెట్టి, నల్లగుడ్డు అంచున ఆకుపచ్చ కలిసిన గోధుమరంగు వలయాన్ని నాకూ చూపించారు. అది రాగి. రక్తంలో రాగిని మోసే సెరులోప్లాస్మిన్ అనే ప్రోటీను తక్కువగా, 24 గంటల మూత్రంలో రాగి ఎక్కువగా తేలడంతో విల్సన్ జబ్బని నిర్ధారించారు.

తిండిలో వచ్చే రాగిలో ఒంటికి కావలసినది కొద్దిపాటే. మిగిలినదాన్ని కాలేయం పైత్యరసంలో కలిపి బయటికి పంపుతుంది. ఆ పని చేయించే ఏటీపీ7బీ జన్యువు రెండు ప్రతులూ చెడితే రాగి మొదట కాలేయంలోనూ, ఆపైన మెదడులోనూ పేరుకుంటుంది. మీ అమ్మ నా మేనమామ కూతురు. చెడిన ప్రతి మా ఇద్దరిలోనూ ఒక్కొక్కటి ఉన్నా మాకు ఏ జబ్బూ లేదు, కానీ పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు ప్రమాదం ఉంటుంది. చుట్టాలు మీ అమ్మనొక్కదాన్నే నిందించడం నేను ఈనాటికీ క్షమించలేదు. నీ తమ్ముడికి పరీక్ష చేయిస్తే, ఏ లక్షణమూ లేకపోయినా జబ్బు బయటపడింది. అందుకే వాడు జింకు మాత్రలతోనే నెట్టుకొస్తున్నాడు.

విల్సన్ అనే వైద్యుడు 1912లో ఈ జబ్బును వర్ణించిన నాటికి దీనికి మందు లేదు. 1956లో వాల్ష్ అనే వైద్యుడు, నువ్వు విసుక్కుంటున్న ఆ పెనిసిలమైన్‌నే వాడి చూపాడు. అది రాగిని పట్టుకుని మూత్రంలో బయటికి తెస్తుంది. మొదలుపెట్టిన కొత్తలో నీ వణుకు తగ్గకపోగా పెరిగినప్పుడు, మందు మానేద్దామని డాక్టరుగారితో పోట్లాడినవాణ్ణి నేనే. ఇప్పుడు నీకు బాగున్నది జబ్బు పోయి కాదు, మందు పనిచేస్తుండబట్టే. మానితే రాగి చడీచప్పుడు లేకుండా పేరుకుంటూ పోయి, కాలేయం ఒక్కసారిగా దెబ్బతినవచ్చు. అప్పుడు మళ్లీ మొదలుపెట్టినా ఇదే మందు లొంగదీయకపోవచ్చు.

కాబట్టి పొద్దున లేవగానే ఒక మాత్ర, సాయంత్రం టిఫినుకూ రాత్రి భోజనానికీ నడుమ కడుపు ఖాళీగా ఉన్నప్పుడు రెండోది వేసుకో. బీ6 మాత్ర మానకు. జీడిపప్పు, చాక్లెట్, పుట్టగొడుగులు, కాలేయం కూర ముట్టుకోవద్దు. రాగి సీసాలో నీళ్లు ఆరోగ్యమని నీ గదిలో అమ్మాయిలు ఇస్తే నవ్వి వద్దను. నాయనమ్మ చింతపండుతో తోమి మెరిపించే చెంబును నీకోసమే అటకెక్కించింది, అదీ రెండు రోజులు అలిగాక.

సీసాలో ఎన్ని మాత్రలు మిగిలాయో లెక్కపెట్టి ఆదివారం లోగా రాయి. లెక్క తప్పితే నేనే బస్సెక్కి వస్తాను.

మీ నాన్న