మన సంఘం వార్షిక నివేదిక, 2025: ఇమాం సాబ్ మాట విన్న ఏడాది

సభ్యులందరికీ నమస్కారం, సలాం.

ఎప్పటి పనులు ఈ ఏడాదీ జరిగాయి. ఎండాకాలం క్లాక్ టవర్ దగ్గర చలివేంద్రం పెట్టాం, రక్తదాన శిబిరం నడిపాం, పదో తరగతి పిల్లలకు పరీక్షల ముందు ఉచితంగా పాఠాలు చెప్పించాం. ఇవి మీరంతా చేతులు వేసి చేసినవే కాబట్టి వీటి గురించి ఎక్కువ రాయను. ఈ ఏడాది మన సమయాన్నీ ఆలోచననూ ఎక్కువగా తీసుకున్న పని ఒకటుంది. ఈ నివేదిక చాలావరకు దాని గురించే.

ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని కాల్చి చంపారు. పేర్లు అడిగి, మతం అడిగి చంపారన్న వార్త మనందరినీ కుదిపేసింది. మన ఊళ్లో గొడవలేమీ జరగలేదు. అయినా టెన్షన్ మాత్రం ఉంది. బజార్లో ఎదురుపడితే ఆగి మాట్లాడే మనుషులు ఆ వారం తల దించుకొని పోయారు. ఆ శుక్రవారం హైదరాబాద్‌లో చాలామంది చేతికి నల్ల రిబ్బన్ కట్టుకొని నమాజుకు వెళ్లారు. శ్రీనగర్ జామియా మసీదులో కశ్మీర్ మతపెద్ద మీర్వాయిజ్ ఉమర్ ఫారూఖ్ చనిపోయినవాళ్ల కోసం మౌనం పాటింపజేశారు. మన వార్డు మసీదులో ఇమాం సాబ్ కూడా ఖుత్బా (శుక్రవారం ప్రసంగం) తర్వాత తెలుగులో, మైకులోనే, ఈ పని చేసినవాళ్లకు దీన్‌తో, అంటే మతంతో, సంబంధం లేదని చెప్పారు. ఒక ప్రాణం తీస్తే మానవజాతి మొత్తాన్ని చంపినట్టేనన్న ఖురాన్ మాట చదివి, దాని అర్థం వివరించారు.

మరుసటి రోజు పొద్దున టీ కొట్టు దగ్గర ఒకాయన ఆయన్ని ఆపి, "మీవాళ్లు ఎందుకు ఖండిస్తలేరు సాబ్?" అని అడిగాడు. అడిగింది మన సంఘం సభ్యుడే. ఆయన ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. ఇమాం సాబ్ కోపం చేసుకోలేదు. "నిన్న మైకుల చెప్పిన భయ్యా, నువ్వు వినలే. అడగకముందు చెప్పింది నా మనసులకెల్లి వచ్చింది. నువ్వడిగినంక మల్ల చెప్తే భయపడి చెప్పినట్టుంటది" అని టీ సగం గ్లాసులోనే వదిలేసి వెళ్లిపోయారు.

ఆ సభ్యుడే వచ్చి కార్యవర్గంలో ఈ సంగతి చెప్పాడు. రెండు రోజులు నిద్ర పట్టలేదన్నాడు. పదిహేనేళ్లుగా పక్కపక్క వీధుల్లో ఉంటూ ఆయన మాట మనం ఒక్కసారి కూడా కూర్చొని వినలేదని ఆ రోజు మాకు తట్టింది. ఎక్కడో బాంబు పేలినప్పుడే ఆయన మనకు గుర్తొస్తున్నాడు, అది కూడా జవాబు చెప్పవలసిన మనిషిగా. అందుకే నెలకొకసారి బైఠక్, అంటే కూర్చొని మాట్లాడుకునే సభ, పెట్టాలని తీర్మానించాం. మతాల మధ్య సంబంధాల మీద, యుద్ధాల మీద ముస్లిం మతపెద్దలు నిజంగా ఏం చెప్పారో, ఎవరు ఎవరితో విభేదించారో వాళ్ల నోటి నుంచే వినాలనుకున్నాం. ఖండన అడగడానికి మాత్రం కాదు.

మొదటి బైఠక్ పెట్టేలోపే మే 7న ఆపరేషన్ సిందూర్ మొదలైంది. 10న కాల్పులు ఆగేదాకా ఆ నాలుగు రోజులు మన వాట్సాప్ గ్రూపును నడపడం కష్టమైంది. వేరే దేశంలో ఎప్పుడో తీసిన వీడియోను ఒకరు ఇప్పటిదని పంపారు. దాన్ని చూసి ఇంకొకరు అనరాని మాట అన్నారు. గ్రూపును మూడు రోజులు మూసేశాం. కొందరికి అది నచ్చలేదు. మళ్లీ అలాంటి పరిస్థితి వస్తే నేను మళ్లీ మూసేస్తాను, అది ముందే చెబుతున్నాను.

మే చివర్లో జరిగిన మొదటి బైఠక్‌కు హైదరాబాద్ మదర్సాలో చదివి మన జిల్లాలో పనిచేస్తున్న ముఫ్తీ సాబ్ వచ్చారు. ప్రవక్త మదీనాకు వలస వచ్చాక అక్కడి తెగలతో, యూదులతో చేసుకున్న ఒప్పందం గురించి ఆయన చెప్పారు. యూదులకు వాళ్ల మతం, ముస్లింలకు వాళ్ల మతం, ఊరి మీదికి శత్రువు వస్తే మాత్రం అందరూ కలిసి నిలబడాలని అందులో ఉంది. ఇది విని మన రిటైర్డ్ సోషల్ టీచరు గారు లేచి, "పద్నాలుగు వందల ఏళ్ల కిందటి కాగితం బాగుంది సాబ్, మరి ఇవాళ ముస్లిం దేశాల్లో మిగతావాళ్ల సంగతేంది?" అని అడిగారు. గది ఒక్కసారి బిగుసుకుపోయింది. ముఫ్తీ సాబ్ ఆ ప్రశ్న తప్పించుకోలేదు. ఇరాక్‌లో యజీదీలనూ క్రైస్తవులనూ ఐసిస్ పెట్టిన బాధలు చూసే 2016 జనవరిలో మొరాకోలోని మరాకేష్‌లో వందలమంది ఉలేమాలు (ముస్లిం మతపండితులు), మేధావులు కూడి, ముస్లింలు ఎక్కువగా ఉన్న దేశాల్లో మైనారిటీల హక్కులను కాపాడాలని ప్రకటన చేశారని చెప్పారు. దానికి ఆధారంగా వాళ్లు తీసుకున్నది ఆ మదీనా ఒప్పందాన్నే. "ప్రకటన చట్టం కాదు. చాలాచోట్ల అమలు కావడం లేదు. అది మా సిగ్గు" అని కూడా ఆయనే అన్నారు. టీచరు గారు కూర్చున్నారు. ఆ మాట విన్నాకే బైఠక్‌లు నిలబడతాయని నాకు నమ్మకం కుదిరింది.

జూన్ 13న ఇజ్రాయెల్, ఇరాన్ మధ్య యుద్ధం మొదలై పన్నెండు రోజులు నడిచింది. గల్ఫ్‌లో పిల్లలున్న ఇళ్లలో టీవీ కట్టలేదు. అందుకే ఆ నెల బైఠక్ పశ్చిమాసియా మీదే పెట్టాం. ఈసారి మన చర్చి ఫాదర్ కూడా మాట్లాడారు. 2002 జనవరిలో ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో యూదు, క్రైస్తవ, ముస్లిం మతపెద్దలు ఒకే బల్ల దగ్గర కూర్చొని, దేవుడి పేరుతో అమాయకులను చంపడం ఆ దేవుడి పేరునే అపవిత్రం చేయడమని సంతకాలు చేసిన సంగతి ఆయన చెప్పారు. కైరోలోని ఇస్లాం విద్యాపీఠం అల్-అజ్హర్‌కు అప్పటి పెద్ద ఇమాం తంతావీ ఆ సమావేశానికి ఆతిథ్యం ఇచ్చారు. అప్పుడు పాలస్తీనాలో రెండో ఇంతిఫాదా, అంటే ఇజ్రాయెల్ మీద పాలస్తీనీయుల తిరుగుబాటు, మండుతోంది. ఆ సంతకాల తర్వాత మూడు నెలలైనా కాకముందే బెత్లెహేములో యేసు పుట్టిన చోట కట్టిన చర్చిని ఇజ్రాయెల్ సైన్యం ముట్టడించింది. ముప్పై తొమ్మిది రోజులు లోపలివాళ్లు లోపల, బయటివాళ్లు బయట. అప్పుడు ఒక అమ్మ అడిగింది: "మరి ఆ సంతకాలతో ఏం ఫాయిదా అయింది ఫాదర్?"

ఆ ప్రశ్న మీద గంట మాట్లాడుకున్నాం. తేలిందేమీ లేదు. అయితే ఫాదర్ చెప్పిన ఇంకో సంగతి చాలామందికి గుర్తుండిపోయింది. 2006లో పోప్ బెనెడిక్ట్ జర్మనీలో ఇస్లాం గురించి చేసిన ప్రసంగం పెద్ద దుమారం రేపింది. దానికి జవాబుగా 2007 అక్టోబరులో 138 మంది ముస్లిం పండితులు క్రైస్తవ పెద్దలకు ఉత్తరం రాశారు. దేవుణ్ణి ప్రేమించడం, పొరుగువాణ్ణి ప్రేమించడం, ఈ రెండూ మన రెండు గ్రంథాల్లోనూ ఉన్నాయి, అక్కడి నుంచి మాట్లాడుకుందాం అని అందులో ఉంది. అయినా 2011లో అల్-అజ్హర్‌కూ వాటికన్‌కూ మళ్లీ మాట చెడింది. ఐదేళ్లు మాటల్లేవు. 2016లో పెద్ద ఇమాం అహ్మద్ అల్-తయ్యిబ్ రోమ్ వెళ్లి పోప్ ఫ్రాన్సిస్‌ను కలిశారు. 2019 ఫిబ్రవరి 4న అబుదాబిలో ఇద్దరూ కలిసి మానవ సోదరభావ పత్రం మీద సంతకం చేశారు. మతాలు ఎన్నడూ యుద్ధాన్ని రెచ్చగొట్టకూడదని ఆ పత్రంలో ఉంది. తర్వాత ఐక్యరాజ్యసమితి ఆ తేదీనే ప్రపంచ మానవ సోదరభావ దినంగా ప్రకటించింది. అల్-తయ్యిబ్ గాజా మీద ఇజ్రాయెల్ దాడులను గట్టిగా తప్పుబట్టారు. పోప్ గాజాలోని చిన్న క్యాథలిక్ చర్చికి దాదాపు ప్రతి సాయంత్రం ఫోన్ చేసి అక్కడివాళ్ల మంచిచెడ్డలు అడిగేవారు. ఏప్రిల్ 21న, అంటే పహల్గాంకు సరిగ్గా ముందు రోజు, ఆయన కన్నుమూశారు. ఇది చెబుతూ ఫాదర్ గొంతు పట్టుకుంది. ఇమాం సాబ్ లేచి ఆయనకు నీళ్ల గ్లాసు అందించారు.

జులై 6న పీర్ల పండుగ, తొలి ఏకాదశి ఒకే రోజు పడ్డాయి. పొద్దున గుడిలో పేలపిండి, సాయంత్రం పీర్ల కొట్టం దగ్గర మలీద. మన చుట్టుపక్కల ఊళ్లలో పీర్లు ఎత్తుకునేవాళ్లలో, గుండం చుట్టూ అసోయ్ దూలా ఆడేవాళ్లలో హిందువులే ఎక్కువ. ఇదే మన సఖ్యతకు గుర్తు అని నేను ఒక పలకరింపు కరపత్రం రాశాను. ముఫ్తీ సాబ్ దాని మీద సంతకం చేయనన్నారు. పీర్లను ఎత్తడం, దట్టీలు కట్టడం తమ ధర్మంలో లేవని, హుసేన్ త్యాగాన్ని అలా తలచుకోవడం తనకు సమ్మతం కాదని నెమ్మదిగానే చెప్పారు. నాకు బాధ కలిగింది. నా చిన్నప్పుడు మా నాయన పీరును ఎత్తుకొని నిప్పుల్లో నడవడం కళ్లారా చూశాను. ఇద్దరం చాలాసేపు వాదించుకున్నాం. చివరికి ఆయన, "నాకు సమ్మతం కాదు, కానీ మీ నాయన మొక్కును కాదనే హక్కు నాకు లేదు. మీ కరపత్రం మీరు వేయండి, నా పేరు వద్దు" అన్నారు. ఆయన పేరు లేకుండానే వేశాం. మతపెద్దలంతా ఒకే మాట మీద ఉంటారని అనుకోవడం మన పొరపాటు. లతీఫ్ సాబ్ గుట్ట ఎక్కి ఫాతిహా ఇచ్చే దర్గా ముజావర్ మాట వేరు, ముఫ్తీ మాట వేరు. ఇద్దరూ మనతో కూర్చున్నారు.

సెప్టెంబరు 5న ప్రవక్త పుట్టినరోజు మిలాద్, ఆ మర్నాడే గణేష్ నిమజ్జనం. హైదరాబాద్‌లో మిలాద్ జులూస్‌ను (ఊరేగింపును) నిర్వాహకులు సెప్టెంబరు 14కు వాయిదా వేసుకున్నారు. 2023లో రెండూ ఒకే రోజు పడినప్పుడూ వాళ్లే అక్టోబరు 1కి మార్చుకున్నారు. పండుగ తేదీని పక్కవాడి కోసం జరపడం ఎంత కష్టమో ఇంట్లో పెళ్లి ముహూర్తం మార్చుకున్నవాళ్లకు తెలుసు. మన నిమజ్జనం కమిటీ కూడా మసీదు ముందు నమాజు వేళ డీజే ఆపింది. ఎవరూ అడగకముందే ఆపింది.

సెప్టెంబరు 17 మీద, అంటే 1948లో హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలిసిన రోజు మీద, పెట్టిన బైఠక్ అన్నిటికంటే బరువుగా సాగింది. నిజాం పక్షాన ఆయుధాలు పట్టిన రజాకార్లు చేసిన దాడుల గురించి మన పెద్దలు చెప్పారు. భారత సైన్యం వచ్చిన పోలీస్ చర్య తర్వాత ముస్లింల మీద జరిగిన హింస గురించీ చెప్పారు. దాన్ని నమోదు చేసిన సుందర్‌లాల్ కమిటీ నివేదిక దశాబ్దాల పాటు జనం ముందుకు రాలేదు. మన పాత నల్లగొండ జిల్లాలోనే కామారెడ్డిగూడెంలో విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి 1940లో ప్రాణం పోగొట్టుకున్న షేక్ బందగీ, రజాకార్లకు వ్యతిరేకంగా రాసినందుకు 1948 ఆగస్టులో హత్యకు గురైన పత్రికా సంపాదకుడు షోయబుల్లా ఖాన్ పేర్లు చాలామంది కుర్రాళ్లు మొదటిసారి విన్నారు. ఆ రోజు ఇమాం సాబ్ ఏమీ మాట్లాడలేదు, విన్నారు. బయటికొచ్చాక నాతో ఒకే మాట అన్నారు: "మా తాత ఈ కథ ఎన్నడూ చెప్పలే, ఇందుకేనేమో."

ఇక లోపాలు. మొదటి బైఠక్ ఇషా (రాత్రి) నమాజు తర్వాత పెట్టడం వల్ల మన మహిళా సభ్యులు రాలేకపోయారు. వాళ్లు కోప్పడ్డారు, కోప్పడడం సబబే. జూన్ చివరి నుంచి ఆదివారం మధ్యాహ్నాలకు మార్చాం, అప్పటి నుంచి వచ్చినవాళ్లలో సగం వాళ్లే. మసీదు ఆవరణలో కూర్చోవాలన్న మా కోరిక ఇంకా తీరలేదు. అక్కడ ఆడవాళ్లకు చోటు ఎలా అన్నదాని మీద కమిటీలో ఏకాభిప్రాయం కుదరలేదు. కాలేజీ పిల్లలు తక్కువగా వస్తున్నారు. సాయంత్రం ఫోన్‌లో వాళ్లు చూసే వీడియోల ముందు మన బైఠక్ చిన్నదైపోతోంది. దీనికి మార్గం నాకు తెలియదు, మీకు తోచింది చెప్పండి.

కార్యవర్గం చేసిన తీర్మానం ఒకటి సభ ఆమోదం కోసం పెడుతున్నాను. ఇకమీదట ఏ దుర్ఘటన జరిగినా మన సంఘం ఏ మతపెద్దనూ ఖండన అడగదు. అది పాస్ అయితే ఫ్లెక్సీ వేయవద్దు, మినిట్స్ పుస్తకంలో రాసుకుంటే చాలు.

జమాఖర్చుల పట్టికను కోశాధికారి గారు సభలో చదివి వినిపిస్తారు. వచ్చే బైఠక్ ఫిబ్రవరి 4కు దగ్గరి ఆదివారం, గ్రంథాలయం హాల్లో. టీ ఖర్చు ఈసారి టీ కొట్టు దగ్గర ఆ ప్రశ్న అడిగిన సభ్యుడిది. ఇమాం సాబ్ వస్తానన్నారు.

కార్యదర్శి