కార్డు కొనే ముందు ఇది చదువు

ఒరేయ్ శీనూ,

విండోలో వెన్నలా జారే నీ మ్యాపుల ప్రోగ్రాం ఫుల్‌స్క్రీన్ చెయ్యగానే ఎడ్లబండి అయిపోతోందని, ఇక నీ ల్యాప్‌టాప్‌కి బయట తగిలించే గ్రాఫిక్స్ కార్డు కొనాల్సిందేనని రాశావు. తొందరపడకు. ముందు లెక్క చూద్దాం.

నీ విండో 1280×720. మానిటరేమో 3840×2160. అంటే సరిగ్గా 9 రెట్లు పిక్సెళ్లు. 60 హెర్ట్జ్‌లో, అంటే తెర సెకనుకి 60 సార్లు మారుతుంటే, ఒక్కో ఫ్రేముకి (ఒక్కో బొమ్మకి) దొరికేది 16.67 మిల్లీసెకన్లే. వీసింక్ (తెర మారే వేళకే ఫ్రేము చూపించే పద్ధతి) పెట్టి, బఫర్లు (ఫ్రేము గీసి ఉంచే మెమరీ ముక్కలు) రెండే ఉంటే, 17 మిల్లీసెకన్లు పట్టిన ఫ్రేము కూడా తర్వాతి రిఫ్రెష్ దాకా పడిగాపులు కాయాల్సిందే. 60 కాస్తా 30కి పడిపోయేది అందుకే.

బరువు ఎక్కడుందో తేల్చడం తేలిక. ఫుల్‌స్క్రీన్‌లోనే ఉంచి, గీసే రిజల్యూషన్‌ని రెండు వైపులా సగం చెయ్యి. ఫ్రేము సమయం కదల్లేదంటే జీపీయూ (బొమ్మ గీసే చిప్పు) పిక్సెళ్లు గీయడంలో తప్పేం లేదు, బహుశా టైళ్లు (మ్యాపు ముక్కలు) విప్పే కోడో, లెక్కకు మించిన డ్రా కాల్సో (జీపీయూకి ఇచ్చే ‘గీయి’ అనే ఆదేశాలు) ప్రోగ్రాంని నడిపే మెయిన్ థ్రెడ్‌ని పట్టుకు కూర్చున్నాయి. బాగా తగ్గిందంటే పిక్సెళ్లదే భారం. కొలిచేది రిలీజ్ బిల్డ్‌తో (వాడేవాళ్లకి ఇచ్చే రకం), డైరెక్ట్3డీలో (విండోస్‌లో బొమ్మలు గీసే లైబ్రరీ) తప్పులు వెతికే డీబగ్ లేయర్ తీసేసి, చార్జర్ పెట్టి కొలువు. బ్యాటరీ మీద తీసిన అంకెలు నాకు పంపకు.

ఇక అసలు సంగతి. నువ్వు పంపిన కోడులో స్వాప్ చెయిన్‌కి (ఫ్రేములని వంతులవారీగా తెరకి పంపే బఫర్ల వరస) పాత ‘డిస్కార్డ్’ పద్ధతే ఉంది. అందులో నువ్వు గీసిన ఫ్రేము నేరుగా తెర మీదికి వెళ్లదు. ఫ్రేము చూపించమనే ‘ప్రెజెంట్’ పిలవగానే ఒకసారి నకలవుతుంది, ఆ నకలుని డీడబ్ల్యూఎం (విండోలన్నిటినీ కలిపి తెర మీద పెట్టే విండోస్ భాగం) తీసుకుని తన బఫర్లోకి ఇంకోసారి దించుతుంది. ఒక 4కే ఫ్రేము దాదాపు 33 ఎంబీ. నకలంటే ఒక చదవడం, ఒక రాయడం, 66 ఎంబీ. రెండు నకళ్లు, సెకనుకి 60 సార్లు వేసుకో: సుమారు 8 జీబీ, కేవలం మోసుకెళ్లడానికే! నీ ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ లేదు, ర్యామే దిక్కు. అందులో ఉన్నది ఒక్కటే డీడీఆర్4-3200 స్టిక్. కాగితం మీద దాని గరిష్ఠ వేగం సెకనుకి 25.6 జీబీ. అందులో దాదాపు మూడో వంతు కూలికే పోతోందన్నమాట. రెండో స్లాట్లో అలాంటిదే ఇంకో స్టిక్ వేస్తే 51.2 అవుతుంది. డబ్బు పెట్టాలనే ఉంటే ముందు దానికి పెట్టు.

కోడులో మార్చాల్సింది ‘ఫ్లిప్ డిస్కార్డ్’కి, అంటే ప్రెజెంట్ దగ్గర నకలు తీయకుండా బఫర్నే అందించే పద్ధతికి. విండోస్ 10 నుంచీ ఉంది. ఒక్క పదం మారిస్తే అయిపోయేది కాదు, చెబుతా విను. బఫర్లు కనీసం రెండుండాలి, నువ్వు మూడు పెట్టు. స్వాప్ చెయిన్‌లో ఎంఎస్‌ఏఏ (గీతల అంచుల మెట్లు నున్నగా చేసే యాంటీ ఎలియాసింగ్ పద్ధతి) ఒప్పుకోదు, శాంపిల్ కౌంట్ 1 ఉండాల్సిందే. యాంటీ ఎలియాసింగ్ కావాలంటే విడి టెక్స్చర్లో గీసి, దాన్ని బ్యాక్ బఫర్లోకి (తెరకి వెళ్లబోయే బఫర్) రిజాల్వ్ చెయ్యి. ఫార్మాట్ ఎస్‌ఆర్‌జీబీ (మానిటర్ రంగుల లెక్క) ఇచ్చావా, స్వాప్ చెయిన్ తయారే కాదు. బఫర్‌కి మామూలు యూనార్మ్ (ఆ రంగుల లెక్క లేని ఫార్మాట్) ఇచ్చి, రెండర్ టార్గెట్ వ్యూకి (బఫర్లోకి గీసే దారి) మాత్రం ఎస్‌ఆర్‌జీబీ పెట్టుకో.

ఇవన్నీ చేశాక మొదటి ఫ్రేము చక్కగా వచ్చి, ఆ తర్వాత బొమ్మ కదలకపోతేనో, నల్ల తెర మిగిలితేనో కంగారు పడకు. డైరెక్ట్3డీ 11లో ఫ్లిప్ పద్ధతిన ప్రెజెంట్ అవగానే బ్యాక్ బఫర్ పైప్‌లైన్ నుంచి ఊడిపోతుంది. ప్రతి ఫ్రేము మొదట్లో రెండర్ టార్గెట్ మళ్లీ తగిలించాలి. సైజు మార్చేటప్పుడు రీసైజ్ బఫర్స్ మొరాయిస్తే ఎక్కడో పాత బఫర్ని ఇంకా పట్టుకునే ఉన్నావని అర్థం. వ్యూతో సహా అన్నీ వదిలేసి, క్లియర్ స్టేట్, ఫ్లష్ పిలిచి, అప్పుడు రీసైజ్ చెయ్యి. మొదట ఇచ్చిన ఫ్లాగులే అక్కడా ఇవ్వాలి.

విండో సంగతి. అంచుల్లేని పాపప్ స్టైల్, సరిగ్గా మానిటరంత. విండోస్ ఇచ్చే మానిటర్ ఇన్ఫోలో ఆర్‌సీమానిటర్ (పూర్తి తెర కొలత) తీసుకో. ఆర్‌సీవర్క్ తీసుకుంటే కింద టాస్క్‌బార్ మేర తెగిపోతుంది. మ్యానిఫెస్టులో (ప్రోగ్రాం సెట్టింగుల ఫైలు) డీపీఐ అవేర్‌నెస్ (తెర స్కేలింగు ప్రోగ్రాంకి తెలుసని చెప్పే సెట్టింగు) పర్-మానిటర్ వీ2 పెట్టు. అది లేకపోతే 150% స్కేలింగులో నీ ప్రోగ్రాంకి తెర 2560×1440గానే కనిపిస్తుంది. విండోస్ దాన్ని సాగదీసి చూపిస్తుంది, బొమ్మ మసక, పైగా నేరుగా తెరకెక్కే దారి మూసుకుపోతుంది. తెర మొత్తం ఒక్క ప్రోగ్రాంకే అప్పగించే పాత ఎక్స్‌క్లూజివ్ ఫుల్‌స్క్రీన్ జోలికి మాత్రం పోకు, ఆల్ట్-ట్యాబ్ కొట్టినప్పుడల్లా తెర నల్లబడే ఆ గోల మ్యాపులకెందుకు?

ఫలించిందో లేదో చెప్పేది ప్రెజెంట్‌మాన్, ఫ్రేములు తెరకెలా వెళ్తున్నాయో కొలిచే ప్రోగ్రాం. ప్రెజెంట్ మోడ్ గడిలో ‘హార్డ్‌వేర్: ఇండిపెండెంట్ ఫ్లిప్’ అని ఉంటే నకలే లేదు. ‘కంపోజ్డ్: ఫ్లిప్’ ఉంటే డీడబ్ల్యూఎం ఇంకా మధ్యలో ఉంది, విండో మీద ఇంకేదో కూర్చుందేమో చూడు. ‘కంపోజ్డ్: కాపీ’ అని మొదలైతే పాత దారే. వాల్యూమ్ పట్టీ కనబడ్డ క్షణం మోడ్ మారి మళ్లీ సర్దుకుంటే పట్టించుకోకు.

వేలితో లాగితే మ్యాపు వెనకబడుతోందన్నావు కదా, అది వేగం గొడవ కాదు, క్యూ గొడవ. మామూలుగా మూడు ఫ్రేముల దాకా వరసలో నిలబడతాయి, అంటే 50 మిల్లీసెకన్లు. స్వాప్ చెయిన్ చేసేటప్పుడే ఫ్రేమ్ లేటెన్సీ వెయిటబుల్ ఫ్లాగ్ (వరసలో చోటు దొరికేదాకా ఆగనిచ్చేది) ఇచ్చి, లేటెన్సీ, అంటే వరసలో నిలబడే ఫ్రేముల సంఖ్య, 1 పెట్టు. లూపు మొదట్లో వెయిట్, ఆ తర్వాత టచ్ చదవడం, ఆ తర్వాత గీయడం. టచ్ ముందు చదివి తర్వాత వెయిట్ చేస్తే చదివింది చద్దిదవుతుంది. 1తో ఫ్రేములు తగ్గితే 2 పెట్టు.

ఇంకా బరువనిపిస్తే కొండల షేడింగ్ ఒక్కదాన్ని 75% రిజల్యూషన్‌లో గీసి పెంచు, పిక్సెళ్లు 56 శాతానికి దిగుతాయి. ఊళ్ల పేర్లు మాత్రం పూర్తి రిజల్యూషన్‌లోనే ఉండాలి, లేకపోతే మన వత్తులు ముద్దయిపోయి ‘క్ష్మ’కీ ‘క్ష్ణ’కీ తేడా తెలీదు. అడుగు టైళ్లకి బ్లెండింగ్ (కింద ఉన్న రంగుతో కలపడం) తీసెయ్యి. మ్యాపు కదలనప్పుడు అసలు గీయకు, ప్రెజెంట్ పిలవకు. పల్చటి ల్యాప్‌టాప్ వేడెక్కితే క్లాక్ తగ్గించుకుంటుంది, పది నిమిషాల తర్వాత నెమ్మదిస్తోందని నువ్వు రాసింది బహుశా దాని పనే.

మార్చాక ప్రెజెంట్‌మాన్ రాసే సీఎస్‌వీ (అంకెల పట్టిక ఫైలు) పంపు. సగటు ఎఫ్‌పీఎస్ కాదు నాకు కావాల్సింది, ఫ్రేము సమయాల్లో 99వ పర్సెంటైల్, అంటే నూటికి 99 ఫ్రేములు ఏ సమయంలోపు అయిపోతున్నాయో అది. ఐదు నిమిషాలు నడిపింది ఒకటి, అరగంట నడిపింది ఒకటి.

నీ
రాజుగాడు