మిరప కోతకు వెళ్లిన వారికి విచారణ గురువు ఎవరు?

సంపాదకులకు,

అయ్యా,

కర్నూలు జిల్లా పడమటి మండలాల నుంచి సుగ్గికి, అంటే కోతల కాలపు కూలి పనులకు, వలస వెళ్లే కుటుంబాల గురించి పత్రికల్లో ఏటా వార్తలు వస్తూనే ఉన్నాయి. పల్లెలు ఖాళీ అవుతున్నాయనీ, బడుల్లో హాజరు పడిపోతోందనీ ఆ వార్తలు చెప్పేది నిజమే. అయితే కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, ఆదోని చుట్టుపక్కల నుంచి అలా వెళ్లేవారిలో కథోలిక కుటుంబాలూ ఉన్నాయి. వారి విషయంలో ప్రభుత్వానికి ఎంత బాధ్యత ఉందో మా మేత్రాసనానికీ (బిషప్‌గారి కింద ఉండే కర్నూలు ప్రాంత చర్చి పరిధికీ) అంతే ఉందనీ, ఆ బాధ్యత ఇన్నాళ్లూ ఒక్కో గురువు (ఫాదర్) ఓపికకు వదిలేసినట్టుగా నడుస్తోందనీ ఒక విచారణ (ఒక గురువు చూసుకునే స్థానిక చర్చి సంఘం) సభ్యుడిగా చెప్పదలిచాను.

పత్తి అమ్మిన డబ్బు అప్పులకే చాలక, క్రిస్మస్ దాటగానే మా వాళ్లు గుంటూరు, పల్నాడు, ఖమ్మం వైపు మిరప కోతలకు బయలుదేరుతారు. జనవరిలో మొదలై దాదాపు ఏప్రిల్ దాకా సాగే ఆ కోతల్లోనే మా ఆరాధనా సంవత్సరంలోని ముఖ్యమైన రోజులన్నీ పడతాయి. కర్నూలు ప్రధాన దేవాలయం ఏ మాత పేరిట ఉందో ఆ లూర్దుమాత పండుగ ఫిబ్రవరి 11న వస్తుంది. 2026లో విభూతి బుధవారం ఫిబ్రవరి 18న, ఈస్టర్ ఏప్రిల్ 5న, అంటే నుదుట బూడిద పెట్టించుకునే ఆ బుధవారం నుంచి ఈస్టర్ దాకా సాగే తపస్సు కాలమంతా కోతల నడుమనే. ఆ బుధవారం నాడు మా పల్లె గుళ్లలో విభూతి పెట్టించుకోవడానికి నిలబడేది ముసలివారూ, వారి చంకల్లో మనవళ్లూ. గుడి బయట వీధిలో చూస్తే తాళం వేసిన తలుపులకు అడ్డంగా కంప పెట్టిన ఇళ్లే ఎక్కువ. బియ్యం మూట, వంట గిన్నెలు, టార్పాలిన్ పట్ట, వీలైతే కోళ్ల గంపతో సహా బొలెరోలో ఎక్కించుకుని ఆ ఇళ్లవారు ఎప్పుడో వెళ్లిపోయి ఉంటారు. శుక్రవారాల్లో క్రీస్తు శ్రమలను ధ్యానించే సిలువ మార్గం పద్నాలుగు స్థలాలకూ పాట ఎత్తుకునే గొంతు లేక ఉపదేశి (పల్లెలో ప్రార్థనలు నడిపే బోధకుడు) ఒక్కడే చదివి ముగిస్తాడు.

ఇంతకీ వెళ్లినవారు ఏ విచారణకు చెందుతారు? ఇది గురువుల మంచితనానికి సంబంధించిన ప్రశ్న కాదు, 1983 నాటి తిరుసభ ధర్మశాస్త్రమే (కథోలిక చర్చి చట్టమే) దీనికి జవాబు చెప్పింది. కనీసం మూడు నెలలు ఉండే ఉద్దేశంతో ఒక విచారణలో కాపురం పెట్టినా, నిజంగా మూడు నెలలు ఉన్నా, అక్కడ వారికి తాత్కాలిక నివాసం ఏర్పడినట్టేననీ, అక్కడి విచారణ గురువు వారికీ సొంత గురువేననీ 102, 107 నియమాలను కలిపి చదివితే తెలుస్తుంది. 529వ నియమం ఇంకా ముందుకు వెళ్లి, పేదలను, బాధల్లో ఉన్నవారిని, ఒంటరివారిని, సొంత గడ్డ విడిచి వచ్చినవారిని గురువే ప్రత్యేక శ్రద్ధతో వెదకి పలకరించాలని ఆదేశిస్తుంది. వారు గుడికి వస్తే చూద్దామని అందులో లేదు. చేను గట్టున డేరాలో ఉండి, కిలోల లెక్కన కూలి తీసుకునే మనిషి ఆదివారం ఉదయం పని మానుకుని, ఎంత దూరమో తెలియని గుడికి రావాలనడం న్యాయం కాదు. ఆదివారం పూజలో పాల్గొనాలన్న విధి శనివారం సాయంత్రపు బలిపూజతో (మాస్‌తో) తీరుతుందని 1248వ నియమం ఉండనే ఉంది కనుక, కోతలు సాగే చోట శనివారం సందెవేళ డేరాల దగ్గరే పూజ పెట్టడానికి శాస్త్రం అడ్డు రాదు. గుంటూరు మేత్రాసనంలో ఫిరంగిపురం వంటి పాత, పెద్ద విచారణలు ఉన్నాయి. మా వాళ్లు ఎక్కడ ఉన్నారో వారికి చెప్పేవారు ఉంటే చాలు.

ఆ చెప్పే పని మాత్రం ఇక్కడ మొదలు కావాలి. బయలుదేరే ముందే ఏ కుటుంబం ఏ ఊరికి, ఏ మేస్త్రీ వెంట వెళుతోందో, ఫోన్ నంబరేదో ఉపదేశి రాసుకుంటే, విచారణ గురువు ఆ జాబితాను అక్కడి గురువుకు పంపవచ్చు. అక్కడ బిడ్డ పుడితే జ్ఞానస్నానానికి, ముసలివారికి ప్రాణం మీదికి వస్తే అవస్థ అభ్యంగనానికి (రోగికి నూనె పూసి చేసే ప్రార్థనకు) ఎవరిని పిలవాలో తెలియక తల్లడిల్లే పరిస్థితి ఆ ఒక్క కాగితంతో చాలావరకు తప్పుతుంది. పిల్లలు బలిపూజలో మొదటిసారి పవిత్ర అప్పం తీసుకునే మొదటి సత్ప్రసాదం వేడుకను కూడా తల్లిదండ్రులు లేని ఈస్టర్ రోజుల్లో కాక, వారు తిరిగి వచ్చే మే నెలలో పెట్టుకోవచ్చు.

2020 చివరలో అప్పటి కర్నూలు పీఠాధిపతి (బిషప్) పూల ఆంథోనిగారు హైదరాబాదు అగ్రపీఠానికి నియమితులైన తర్వాత, 2024లో కొత్త పీఠాధిపతి వచ్చేవరకు కర్నూలు పీఠం ఖాళీగా ఉంది. పీఠం ఖాళీగా ఉన్నంతకాలం కొత్త మార్పులు చేయరాదన్నది నియమం. బలిపూజలో బిషప్‌గారి పేరు పలకవలసిన చోట పేరే ఉండేది కాదు. పైగా అందులో సగం కోవిడ్ కాలం. అయినా పల్లెల్లో జపమాల ఆగలేదు. వానను, వడ్డీని, మేస్త్రీ మాటను నమ్ముకుని బతికేవారికి రేపు ఏమవుతుందో తెలియకపోవడం కొత్త సంగతి కాదు గదా! అప్పట్లో ఏదైనా అడిగితే, బిషప్‌గారు రానివ్వండి అనేవారు. వచ్చారు కాబట్టి ఇప్పుడు అడుగుతున్నాం.

2013 జులైలో ఫ్రాన్సిస్ పోపుగారు రోము వెలుపలికి చేసిన మొదటి ప్రయాణం, సముద్రం దాటి వచ్చే వలసదారులు చేరే లాంపెదూసా దీవికే. 2025 ఏప్రిల్ 21న, ఈస్టర్ మర్నాడు, ఆయన కన్నుమూశాక జరిగిన కొత్త పోపు ఎన్నికలో, కార్డినల్ అయిన మా పాత బిషప్ ఆంథోనిగారు కూడా ఓటు వేశారని మేమంతా గర్వంగా చెప్పుకున్నాం. ఆ పోపుగారి ఫోటోకు దండ వేసిన విచారణలు ఆయన వెళ్లిన దారిలో గుంటూరు దాకానైనా వెళ్లాలని అడగడం అత్యాశ కాదనుకుంటాను.

ఇక ప్రభుత్వం సంగతి. వలస వెళ్లేవారి పిల్లల కోసం బడుల పథకమైన సమగ్ర శిక్ష కింద నడిపే సీజనల్ హాస్టళ్లు తల్లిదండ్రులు బండి ఎక్కకముందే తెరుచుకోవాలి. తర్వాత తెరిస్తే పిల్లలు అప్పటికే చేలల్లో ఉంటారు. గదులు చాలని చోట విచారణ హాళ్లను, కాన్వెంటు బడుల్లో ఖాళీగా ఉన్న గదులను మేత్రాసనం ఇవ్వవచ్చు. మతం చూడకుండా అందరి పిల్లలనూ చేర్చుకుని, నిర్వహణ, హాజరు పట్టీ ప్రభుత్వ బడి ప్రధానోపాధ్యాయుడి చేతిలోనే ఉంచితే, మతమార్పిడి కోసమే ఇదంతా అనే మాటకు తావుండదు. ఆ మాట వస్తుందన్న భయంతో గదులకు తాళాలు వేసి కూర్చోవడం మాత్రం నాకు సమ్మతం కాదు.

2026లో క్రిస్మస్‌కు సిద్ధపడే ఆగమన కాలం నవంబరు 29న మొదలవుతుంది. ఆలోపు విచారణ కిందికి వచ్చే ప్రతి ఉపగ్రామంలోనూ వెళ్లేవారి జాబితా సిద్ధమయ్యేలా విచారణ గురువులకు ఉత్తర్వు ఇవ్వాలని బిషప్‌గారినీ, హాస్టళ్లు ఏ తేదీన, ఏ ఊళ్లలో తెరుస్తారో అదే నెలలో ప్రకటించాలని జిల్లా విద్యాశాఖనూ మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విచారణ సభ్యుడు,
ఆదోని, కర్నూలు జిల్లా