చేపల మరణాలు: నీటిని తెల్లవారుజామునే పరీక్షించాలి

సంపాదకులకు,

నగర చెరువుల్లో చేపలు తేలినప్పుడల్లా అధికారులు మధ్యాహ్నం నీరు పట్టుకెళ్లి 'ఆక్సిజన్ బాగానే ఉంది' అంటున్నారు. ఉండక ఏమవుతుంది? మురుగుతో పెరిగిన నాచు పగటి ఎండకు ఆక్సిజన్ వదులుతుంది, రాత్రంతా తానే పీల్చేస్తుంది. అందుకే తెల్లవారుజామున 4–6 గంటల మధ్య, ఉపరితలం దగ్గరా అడుగునా కొలవాలి. లీటరుకు 3 మిల్లీగ్రాముల లోపైతే ప్రమాదమే. సీసాలో గాలి బుడగ ఉండకూడదు. నీటిలోని ఆక్సిజన్‌ను అలాగే పట్టి ఉంచే మాంగనీస్ సల్ఫేట్, ఆల్కలీ అయోడైడ్ గట్టునే కలపాలి. ల్యాబుకు చేరేదాకా ఆగితే అంకె మారిపోతుంది.

చచ్చిన చేపలను ఏరి పారేసే ముందు రకాలు రాసుకోండి. ఇది చాలా ముఖ్యం. బొచ్చె, రోహులకు మొప్పలే ఆధారం. ఆక్సిజన్ తగ్గితే ముందు పోయేవి అవే. మన రాష్ట్ర చేప కొర్రమీనుకు మొప్పల పైన గాలి గదులున్నాయి. పైకొచ్చి గాలి మింగి బతుకుతుంది. మార్పు చేపా అంతే. ఇవి కూడా చచ్చాయంటే అమ్మోనియానో, రసాయన వ్యర్థాలనో అనుమానించి నమూనాలు వెంటనే వేరుగా తీయాలి. గుర్రపుడెక్క పూర్తిగా కమ్మేసిన చోట మాత్రం కొర్రమీనుకూ పైకి రావడం కష్టమే.

— మత్స్యశాస్త్ర అధ్యాపకుడు, తార్నాక, హైదరాబాద్